అంత దూరం నుంచి కొట్టనివ్వండి

పాస్ మీద పాస్ ఇచ్చుకుంటూ పోయి పోస్టు ముందు నుంచి నెట్టే గోల్ కన్నా, ముప్పై అయిదు మీటర్ల నుంచి కొట్టి వేసిన గోల్ గొప్పదని నేను నమ్ముతాను. ఈ మాట అంటే ఆట బాగా తెలిసినవాళ్ళకి కోపం వస్తుంది. రీల్స్ చూసి మాట్లాడుతున్నావంటారు. నిజానికి దూరపు గోల్స్‌కి రీల్స్ చేసినంత అన్యాయం ఇంకెవరూ చేయలేదు. ఆ సంగతి కింద చెప్తాను. ముందు, ఇది రాయాలని ఎందుకు అనిపించిందో చెప్పాలి.

మా అక్క కొడుకు నెల్లూరులో సాయంత్రాలు ఫుట్‌బాల్ కోచింగ్‌కి వెళ్తాడు. తొమ్మిదో తరగతి, మిడ్‌ఫీల్డ్‌లో ఆడతాడు. ఆ గ్రౌండ్ పేరూ కోచ్ పేరూ ఇక్కడ అనవసరం. ఆయన మంచివాడే. ఫీజు ఆలస్యమైందని ఏ పిల్లవాణ్ణీ వెనక్కి పంపడు, ఆడపిల్లల్ని కూడా కలిపి ఆడిస్తాడు. కానీ ఆయన దగ్గర ఒక రూలుంది. పెనాల్టీ బాక్స్ (గోల్ ముందు గీసే పెద్ద గడి) బయట నుంచి ఎవరు కొట్టినా గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తాలి. గోల్ పడినా సరే, రౌండ్లు తప్పవు.

పోయిన వేసవిలో వాళ్ళు ఇంకో స్కూలు జట్టుతో ఆడుతుంటే చూశాను. పొద్దు వాలింది, తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలైంది. పగలంతా వడగాడ్పుకి తలుపులేసుకుని కూర్చున్న జనం గ్రౌండ్లలోకి వచ్చేదే ఆ గాలి కోసం. అవతలి గోలీ చేతులకి క్రికెట్ కీపర్లు లోపల తొడుక్కునే పల్చటి గ్లవ్స్ వేసుకున్నాడు. పోస్టు వదిలి బాగా ముందుకొచ్చి తన డిఫెండర్లతో ఏదో వాదిస్తున్నాడు. మావాడు సెంటర్ సర్కిల్ దగ్గర బంతిని ఆపి ఒక్కసారి తలెత్తి చూశాడు. అది గట్టు మీద కూర్చున్న కుర్రాళ్ళ కంట్లో కూడా పడింది. "ఏసెయ్ అబ్బయ్యా!" అని ఒకడు అరిచాడు. వీడు కొట్టాడు. గోలీ వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నాడు. గట్టు మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. బంతి వెళ్ళి క్రాస్‌బార్‌కి తగిలి పైకి పోయింది. తెల్ల పెయింటు వేసిన ఆ ఇనప పైపుకి ఎర్రమట్టి గుండ్రంగా అంటుకుని, మ్యాచ్ అయ్యేదాకా కనబడుతూనే ఉంది. కోచ్ వెంటనే మావాణ్ణి బయటికి పిలిచి ఇంకొకణ్ణి లోపలికి పంపాడు.

ఇంటికొచ్చేటప్పుడు బండి మీద వెనక నుంచి అడిగాడు, "కొట్టకుండా ఉండాల్సిందా మామా?" అని. "కొట్టాల్సిందేరా" అన్నాను. ఎందుకో వివరంగా చెప్పడానికి ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కోచ్ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ మధ్య ఫుట్‌బాల్‌ని ఏలుతున్న లెక్క ఒకటుంది, ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంటారు. ఏ చోటు నుంచి, ఏ కోణంలో కొట్టిన షాట్ ఎన్నిసార్లు గోల్ అయిందో వేల మ్యాచ్‌లు చూసి, ప్రతి షాట్‌కీ సున్నా నుంచి ఒకటి లోపు ఒక విలువ కడతారు. పెనాల్టీ కిక్కుకి ముప్పావు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. ముప్పై మీటర్ల నుంచి కొట్టే మామూలు షాట్‌కి 0.02, 0.03 వస్తే ఎక్కువ. అంటే వంద కొడితే రెండో మూడో లోపలికి వెళ్తాయి. ఈ లెక్క కోచ్‌ల బుర్రల్లోకి ఎక్కాక ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో బాక్స్ బయటి షాట్లు బాగా తగ్గాయి. గెరార్డ్, స్కోల్స్, లాంపార్డ్ లాంటి మిడ్‌ఫీల్డర్ల కాలంలో ఆ చోట బంతి దొరికితే స్టేడియం మొత్తం కొట్టమని అరిచేది. ఇప్పుడు అదే చోట బంతి పక్కకి పోతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది, మళ్ళీ పక్కకి పోతుంది.

లెక్క తప్పని నేననను. అది లెక్కపెట్టని వాటి గురించి నా బాధ.

ఆ 0.03 అనేది కొట్టిన షాట్ విలువ. కొడతాడన్న భయం విలువ అందులో లేదు. బయట నుంచి ఎవరూ కొట్టరని తెలిస్తే డిఫెండర్లు బాక్స్ లోపలే గోడ కట్టుకుని నిలబడతారు. ఒకడు కొడతాడని తెలిస్తే ఎవరో ఒకరు వాడి మీదికి రాక తప్పదు. అలా వచ్చినవాడి వెనక ఖాళీ పుడుతుంది. కోచ్‌లందరూ మురిసిపోయే ఆ సన్నటి పాస్ వెళ్ళేది ఆ ఖాళీలోకే. రౌండ్ల రూలున్న జట్టు గుట్టు అవతలివాళ్ళకి తొందరగానే తెలిసిపోతుంది. ఆ రోజు మ్యాచ్‌లో మావాళ్ళ మిడ్‌ఫీల్డర్లకి బంతి దొరికినప్పుడల్లా అవతలి పిల్లలు దగ్గరికి కూడా వచ్చేవాళ్ళు కాదు. ఎలాగూ కొట్టరు కదా, వచ్చి చేసేదేముంది?

బయటికి పోయిన దూరపు షాట్ వల్ల నష్టం కూడా అనుకున్నంత ఉండదు. అది అవతలివాళ్ళకి గోల్‌కిక్ అవుతుంది, అంటే బంతిని గోల్ ముందు పెట్టి వాళ్ళు మళ్ళీ ఆట మొదలుపెట్టాలి. ఆ లోపు మన జట్టు ఎవరి చోట్లోకి వాళ్ళు వచ్చి ఊపిరి తీసుకుంటారు. అదే బాక్స్ అంచున ఇరుకులో ఇచ్చిన పాస్‌ని అవతలివాళ్ళు లాక్కుంటే, మన సగం జట్టు ముందే చిక్కుకుపోయి ఉండగా వాళ్ళు ఇటు దూసుకొస్తారు. పైగా మన గ్రౌండ్ల సంగతి చూడండి. గట్టి ఎర్రమట్టి, అక్కడక్కడా కంకర, మొన్నటి మీటింగు టెంట్లకి తవ్వి సరిగ్గా పూడ్చని గుంతలు. ఈ నేల మీద వరసగా అయిదు పాస్‌లు కాలికి అందేలా ఇవ్వడం ఎంతటివాళ్ళకైనా కష్టం. ఇక్కడే దూరం నుంచి తక్కువ ఎత్తులో కొట్టిన బంతి గోలీ ముందు పడి ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. పట్టబోయి వదిలేస్తే ఎదురుగా ఉన్నవాడికి రీబౌండ్ దొరుకుతుంది. యూరప్ పచ్చిక మీద తీసిన అంకెలు నెల్లూరు ఎర్రమట్టికి ఉన్నవున్నట్టు సరిపోతాయని నేననుకోను.

సరే, పచ్చిక మీదే చూద్దాం. 2019 మే 6న ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ లెస్టర్‌తో ఆడింది. లివర్‌పూల్ వెంటపడి తరుముతోంది. ఒక్క మ్యాచ్ తేడా వస్తే టైటిల్ పోతుంది. డెబ్బయ్యో నిమిషం, స్కోరు 0-0, మన టైమ్ ప్రకారం రాత్రి రెండు కావస్తోంది. బంతి విన్సెంట్ కొంపనీ దగ్గరికి వచ్చింది. ఆయన సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు కాపలా కాసే డిఫెండర్. ఏళ్ళ తరబడి సిటీకి ఆడినా బాక్స్ బయట నుంచి ఆ క్లబ్బుకి ఒక్క గోల్ వేసినవాడు కాదు. ముందు ఖాళీ ఉంది, లెస్టర్ వాళ్ళు ఎవరూ రావడం లేదు. వద్దు, కొట్టొద్దు అని సొంత జట్టువాళ్ళే అరుస్తున్నారు. కోచ్ గ్వార్డియోలా కూడా పాస్ ఇస్తే బాగుండుననే అనుకున్నాడు. కొంపనీ కొట్టాడు. బంతి పై మూలకి వెళ్ళి వల్లో పడింది. సిటీ 1-0తో గెలిచింది, సీజన్ చివరికి 98 పాయింట్లతో టైటిల్ అందుకుంది. లివర్‌పూల్‌కి 97 వచ్చాయి. ఎప్పుడు కొట్టాలో కుర్రాళ్ళతో చెప్పించుకోవడానికి కాదు నేనింత దూరం వచ్చింది అన్న అర్థం వచ్చేలా మ్యాచ్ అయ్యాక కొంపనీ అన్నాడు. నాకు ఆ మాటంటే చాలా ఇష్టం. లెస్టర్ డిఫెండర్లు ఎందుకు రాలేదు? వీడు కొట్టడని వాళ్ళు కూడా లెక్కేసుకున్నారు కాబట్టి.

మన దగ్గరి కథ కూడా ఉంది. 2022 మార్చి 20, గోవా ఫతోర్దా స్టేడియం, ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ మీద కేరళ బ్లాస్టర్స్ 1-0తో ముందుంది. స్టేడియం నిండా పసుపు జెర్సీలే. 88వ నిమిషంలో బాక్స్ బయట పడిన బంతిని సాహిల్ తవోరా గాల్లో ఉండగానే కొట్టాడు. 1-1. తర్వాత పెనాల్టీ కిక్కుల టైబ్రేకర్‌లో 3-1తో హైదరాబాద్ కప్పు గెలిచింది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు, మ్యాచ్ అయిపోవచ్చింది, రెండు రౌండ్ల రూలు ఆయన మనసులో ఉండి ఉంటే ఆ బంతిని ఆపి పక్కకి ఇచ్చేవాడు. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. తెలుగువాళ్ళకి మిగిలిన ఆ ఒక్క లీగ్ టైటిల్ వెనక ఉన్నది ఒక దూరపు షాటే.

ఇంత సేపూ లాభం గురించి మాట్లాడాను. నా అసలు ప్రేమ లాభం మీద కాదు. ఈ గోల్స్‌లో దూరం అడ్డంకి కాదు, చాలాసార్లు గోల్ చేసేదే దూరం. అది చెప్పాలంటే రాబర్టో కార్లోస్ దగ్గరికి వెళ్ళాలి.

1997 జూన్ 3, ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం. మరుసటి ఏడాది ప్రపంచ కప్‌కి రిహార్సల్‌గా పెట్టిన టోర్నీలో ఫ్రాన్స్ మీద బ్రెజిల్ ఆడుతోంది. దాదాపు 35 మీటర్ల దూరంలో ఫ్రీకిక్. రాబర్టో కార్లోస్ చాలా వెనక నుంచి పరుగెత్తుకొచ్చి ఎడమ కాలి బయటి అంచుతో కొట్టాడు. బంతి గోడ కట్టిన ఆటగాళ్ళకి కుడి పక్కగా, ఎక్కడికో పోతున్నట్టు పోయింది. పోస్టుకి దూరంగా నిలబడ్డ బాల్ బాయ్ తన మీదికే వస్తోందని తల వంచుకున్నాడు. ఆ తర్వాత బంతి ఎడమకి తిరిగింది. పోస్టు లోపలి వైపు తగిలి వల్లో పడింది. గోల్‌కీపర్ బార్తెజ్ ఉన్నచోటనే నిలబడిపోయాడు.

చాలామంది దీన్ని అదృష్టం అన్నారు. 2010లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కొందరు నీళ్ళలోకి చిన్న చిన్న గుండ్లని తిప్పుతూ వదిలి, వాటి దారిని ఫొటోలు తీసి దీని గుట్టు విప్పారు. తిరుగుతూ వెళ్ళే బంతి ఒక పక్కకి వంగుతుంది. స్పిన్నర్ వేసిన బంతి పిచ్ మీద పడకముందే గాల్లో పక్కకి జరగడం మనందరం చూసిందే. ఫ్రీకిక్‌లో ఇంకొకటి జరుగుతుంది. గాలి అడ్డుపడి బంతి వేగం తగ్గుతూ వస్తుంది, కానీ దాని తిరుగుడు అంత త్వరగా తగ్గదు. అందువల్ల పోయేకొద్దీ వంపు ఇంకా ఇంకా బిగుసుకుంటుంది. ఆ బిగుతు కంటికి కనబడాలంటే బంతికి అంత దూరం ఉండాలి. అదే దెబ్బ ఇరవై మీటర్ల నుంచి కొట్టి ఉంటే, పూర్తిగా తిరిగే లోపే బంతి పోస్టు బయటికి పోయేది.

అసలు తిరగకుండా వెళ్ళే బంతి సంగతి ఇంకో రకం. అది గాల్లో ఊగుతుంది, ఎటు ఊగుతుందో కొట్టినవాడికి కూడా కచ్చితంగా తెలియదు. 2010 ప్రపంచ కప్‌లో వాడిన జబులానీ బంతిని ఎనిమిది ముక్కలతో, మరీ నున్నగా చేశారు. కీపర్లు దాన్ని తిట్టిపోశారు. ఆ ఏడాది ఉరుగ్వే, నెదర్లాండ్స్ సెమీఫైనల్లో ఫస్ట్ హాఫ్ అయ్యేలోపే వాన్ బ్రాంక్‌హార్స్ట్ ఒకటి, ఫోర్లాన్ ఒకటి దూరం నుంచి దంచారు. 2016లో మలేసియా లీగ్‌లో పెనాంగ్ జట్టు ఆటగాడు మొహమ్మద్ ఫైజ్ సుబ్రి కొట్టిన ఫ్రీకిక్ ఒక వైపు వెళ్తూ వెళ్తూ చివర్లో రెండో వైపుకి తిరిగింది. ఆ ఏడాది అత్యుత్తమ గోల్‌కి ఫిఫా ఇచ్చే పుష్కాష్ అవార్డు దానికే వచ్చింది. ఆసియాలో ఒక లీగ్, మన దగ్గర ఎవరూ చూడనిది, అక్కడ ఆడే ఒక మామూలు ఆటగాడు! పాస్‌ల ఆటకి పదకొండు మంది గొప్పవాళ్ళు కావాలి. దీనికి ఒక్క కాలు, దాని వెనక ధైర్యం చాలు. పేరులేని ఊళ్ళవాళ్ళకి ఫుట్‌బాల్ తెరిచి ఉంచిన తలుపు ఇది. ఒంగోలు కుర్రాడికైనా కావలి కుర్రాడికైనా ఆ తలుపు మూయడానికి మనమెవరం?

పెన్న ఇసుకలో ఆడినవాళ్ళకి ఇందులో సగం ముందే తెలుసు. వేసవిలో నీళ్ళు ఒక పాయకి చేరాక మిగతా ఏరంతా మాకు గ్రౌండే. ఇసుకలో బంతి దొర్లదు, నేల బారుగా ఇచ్చిన పాస్ సగంలోనే చతికిలబడుతుంది. అందుకని బంతి కిందికి కాలు దూర్చి లేపి కొట్టడం అందరికీ అలవాటవుతుంది. మైపాడు బీచ్‌లో అయితే గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒక విషయంలో నా పట్టుదల చెప్తాను. దూరమే గొప్పయితే గిన్నిస్ రికార్డు గోల్స్ అన్నిటికన్నా గొప్పవి కావాలి. 2013 నవంబరు 2న స్టోక్ సిటీ కీపర్ బెగోవిచ్ ఆట మొదలైన 13 సెకన్లకి 91.9 మీటర్ల నుంచి గోల్ వేశాడు. 2021 జనవరిలో న్యూపోర్ట్ కౌంటీ కీపర్ టామ్ కింగ్ దాన్ని 96.01 మీటర్లతో దాటాడు. నేను వీటిని ఆ కోవలో చేర్చను. ముందున్నవాళ్ళకి అందాలని కొట్టిన బంతిని గాలి మోసుకెళ్ళింది, నేల మీద పడి అవతలి కీపర్ తల మీదుగా లేచింది. బెగోవిచ్ సంబరం కూడా చేసుకోలేదు, సాటి కీపర్‌ని చూసి బాధపడ్డాడు. నాకు కావాల్సింది ముందు ఒకడు చూడాలి, అనుకోవాలి, తర్వాత కొట్టాలి.

చూడటం అంటే ఎలా ఉంటుందో పాట్రిక్ షిక్ చూపించాడు. 2021 జూన్ 14, యూరో టోర్నీలో స్కాట్లండ్ మీద చెక్ జట్టు మ్యాచ్. మన దగ్గర సాయంత్రం ఆరున్నరకి మొదలైంది కాబట్టి హాయిగా చూశాను. హాఫ్‌లైన్ దాటి కాస్త ముందు, గోల్‌కి 45 మీటర్లకి పైగా దూరంలో బంతి దొరకగానే ఎడమ కాలితో వంచి కొట్టాడు. కీపర్ మార్షల్ వెనక్కి పరుగెత్తి పరుగెత్తి బంతితో పాటు వల్లో చిక్కుకున్నాడు. మార్షల్ పోస్టు వదిలి ముందుకొస్తున్నాడని ఫస్ట్ హాఫ్‌లోనే గమనించానని షిక్ తర్వాత చెప్పాడు. అంటే ఆ గోల్ వయసు రెండు మూడు సెకన్లు కాదు. ఫస్ట్ హాఫ్ నుంచీ ఒక మనిషి మనసులో పెరిగి, ఆ తర్వాత కాల్లోకి వచ్చింది.

ఇప్పుడు రీల్స్ సంగతి. రీల్‌లో ఆ గోల్ ఎనిమిది సెకన్లు. పైన "నమ్మలేరు!" అని రాసి ఉంటుంది, కింద సంగీతం. అది లోపలికి వెళ్తుందని బంతి లేవకముందే మనకి తెలుసు. దూరపు గోల్‌కి ప్రాణం ఏదో సరిగ్గా దాన్నే అది తీసేస్తుంది. అంత ఎత్తున లేచిన బంతి రెండు మూడు సెకన్లు గాల్లో ఉంటుంది. ఆ సేపు కొట్టినవాడికి, కీపర్‌కి, కోచ్‌కి, గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్నవాడికి తెలిసింది ఒక్కటే. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఫుట్‌బాల్‌లో అంతమంది అంతసేపు ఒకే విషయం మీద ఊపిరి బిగపట్టే సందర్భం ఇంకోటి నాకు తెలియదు. రెండు మీటర్ల నుంచి నెట్టిన గోల్‌లో ఆ టెన్షన్‌కి చోటే లేదు. కళ్ళు ఆర్పేలోపు అయిపోతుంది.

ఇంగ్లండ్ గోల్‌కీపర్ డేవిడ్ సీమన్ ఆ టెన్షన్‌ని రెండుసార్లు అనుభవించాడు. 1995 మే 10న పారిస్‌లో యూరప్ క్లబ్బుల కప్ విన్నర్స్ కప్ ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్ చివరి నిమిషం, 1-1. రియల్ జరగోజా ఆటగాడు నయీమ్ కుడి పక్క గీత దగ్గర నుంచి, దాదాపు నలభై మీటర్ల దూరం నుంచి లేపి కొట్టాడు. ఆర్సెనల్ కీపర్ సీమన్ వెనక్కి వెనక్కి నడిచి, చేత్తో తాకీ ఆపలేక బంతితో పాటే లోపలికి పడ్డాడు. ఏడేళ్ళ తర్వాత, 2002 జూన్ 21న ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు రొనాల్డినో ఫ్రీకిక్ కూడా ఆయన తల మీదుగానే దిగింది. అది మన దగ్గర మధ్యాహ్నం పన్నెండుకి మొదలైన మ్యాచ్. అన్నాలు పక్కన పెట్టుకుని టీవీల ముందు కూర్చున్న రోజు. రొనాల్డినో గోల్‌కే కొట్టాడా, లోపలికి క్రాస్ వేయబోతే అలా పోయిందా అని ఇప్పటికీ కొట్లాడుకుంటారు. ముందుకొచ్చిన కీపర్ని చూసే కొట్టాడని నా అభిప్రాయం. సీమన్ ఆ రోజు ఏడ్చేశాడు. గొప్ప కీపర్ ఆయన, ఆ రెండు బంతుల వల్ల ఆయన చిన్నవాడు కాలేదు.

ఇక నయీమ్ ఒకప్పుడు ఆర్సెనల్‌కి ఆగర్భ శత్రువైన టాటెన్‌హామ్‌కి ఆడినవాడు. ఆ క్లబ్బు అభిమానులు ఇప్పటికీ ఆ గోల్ మీద పాట పాడతారు. పాటలో ఆయన హాఫ్‌లైన్ నుంచి కొట్టాడు! నిజానికి అంత దూరం లేదు. పాడేవాళ్ళకి ఆ సంగతి పట్టదు, అందులో తప్పేం లేదు. మీటర్లు టేపుతో కొలిచేవాళ్ళు వేరే ఉన్నారు.

పీలే గురించి చెప్పకపోతే ఈ వాదన పూర్తికాదు. 1970 ప్రపంచ కప్‌లో చెకోస్లొవేకియా మీద సొంత సగం లోంచి కొట్టాడు. కీపర్ ఐవో విక్టర్ ముందుకొచ్చి ఉన్నాడని చూశాడు. బంతి పోస్టు పక్క నుంచి కొద్దిలో బయటికి పోయింది. ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ లెక్కలో అది దాదాపు సున్నా కింద జమ. ఆ మ్యాచ్ బ్రెజిల్ 4-1తో గెలిచింది. ఆ అయిదు గోల్స్ ఎవరెవరు వేశారో చెప్పమంటే ఎంతమంది చెప్తారు? గోల్ కాని ఆ షాట్‌ని మాత్రం యాభై ఏళ్ళు దాటినా చెప్పుకుంటూనే ఉన్నారు. 1996 ఆగస్టు 17న వింబుల్డన్ మీద బెక్‌హామ్ హాఫ్‌లైన్ దగ్గర నుంచి కొట్టి గోల్ వేసినప్పుడు అందరికీ గుర్తొచ్చింది పీలే పోగొట్టుకున్న ఆ షాటే.

అందుకే క్రాస్‌బార్‌కి తగిలిన బంతికి పిల్లవాణ్ణి బయటికి లాగడం నాకు అంత బాధ కలిగించింది. వాడు చూడాల్సింది చూశాడు. అనుకోవాల్సింది అనుకున్నాడు. కాలు నాలుగు అంగుళాలు తేడా వచ్చింది. నాలుగు అంగుళాలు ప్రాక్టీసుతో సరిచేయొచ్చు. తలెత్తి చూడటం మాన్పించాక దాన్ని మళ్ళీ తెప్పించడం చాలా కష్టం.

నిషేధాలు ఎప్పుడూ పనికిరావని కాదు. మన దేశం చూసిన అతి గొప్ప కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టుని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్ళినవాడు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో, బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో ఆయన టోర్నమెంట్లు పెట్టేవాడు. అవి ఒక నైపుణ్యం పెంచడానికి పెట్టిన షరతులు, ఆ టోర్నమెంటుతో అయిపోయేవి. అలాగే ఒక సాయంత్రం బాక్స్ బయట నుంచి కొట్టొద్దని ఆడించండి, పాస్‌లు మెరుగుపడతాయి. మర్నాడు బయట నుంచి తప్ప కొట్టొద్దని ఆడించండి. ఏడాది పొడుగునా ఒకే రూలు, దానికి శిక్షగా రౌండ్లు ఉంటే మాత్రం పిల్లలు నేర్చుకునేది భయమే.

నేను ఇదంతా చెప్తే కోచ్ సార్ ఓపిగ్గా విన్నాడు. విని ఒక మాటన్నాడు. "పిల్లలకి ఎత్తు చాలదండీ. పెద్దవాళ్ళ పోస్టుల్లో నిలబడ్డ అయిదడుగుల గోలీ తల మీదుగా ఎవడు లేపినా గోల్ అవుతుంది. అది చూసి మిగతావాళ్ళు ఆట మానేసి లేపడమే పెట్టుకుంటారు." ఇది నిజం. పెద్దవాళ్ళ పోస్టు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ఆ పిల్లవాడు ఎగిరినా అందదు. కానీ ఆ తప్పు కొట్టినవాడి కాలిది కాదు, పోస్టుది. చాలా దేశాల్లో చిన్నపిల్లలని 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు పోస్టుల్లో ఆడిస్తారు. మనకి కొత్త పోస్టులు కొనక్కర్లేదు. ఉన్న పోస్టులోనే లోపలికి రెండు వెదురు గడలు పాతి, రెండు మీటర్ల ఎత్తున అడ్డంగా నైలాన్ తాడు కట్టొచ్చు. తాడు పైనుంచి పోతే గోల్ లేదు. గడలూ తాడూ నేను తెస్తానన్నాను. ఆదివారం పొద్దున ఆరింటికి రమ్మన్నాడు.